నా .315 రైఫిల్‌కి కొత్త కర్ర వేయించాను: ఎంతైంది, ఎలా ఉంది

ముందే చెప్పేస్తాను, తప్పు నాదే. కిందటేడు సంక్రాంతి వెళ్లిన వారం, ఆదివారం పూట పెరటి అరుగు మీద కూర్చుని రైఫిల్ శుభ్రం చేసుకుంటున్నాను. పుల్‌త్రూ (గొట్టం తుడిచే తాడు) రెండుసార్లు లాగాను, చిండీకి (గుడ్డపీలికకి) నూనె రాసి, తూటాని లోపలికి తోసే బోల్ట్ తుడిచి పాత పేపరు మీద పెట్టాను. లోపలి నుంచి మా ఆవిడ టీ అని కేకేస్తే రైఫిల్‌ని గోడకి ఆనించి లేచాను. పదిహేడేళ్లు ఆర్మీలో చేసి, ఆయుధాన్ని గోడకి ఆనించకండ్రా అని ఎంతమంది కుర్రాళ్లని తిట్టానో లెక్కలేదు. నాలుగడుగులు వేశానో లేదో వెనకాల టప్‌మని చప్పుడు. గోడ వారగా జారి, రుబ్బురోలు అంచుకి కొట్టుకుని పడింది.

ఇనుముకి ఏమీ కాలేదు. రుబ్బురోలుకి అసలే కాలేదు. బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) మెడ దగ్గర, అంటే మనం పిడికిలి బిగించే సన్నటి చోట, వెంట్రుకంత గీత ఒకటి పడింది. బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది. ఫెవికాల్ రాసి గుడ్డ చుట్టేస్తే సరిపోతుందని మా బావమరిది సలహా ఇచ్చాడు. కుర్చీ కాలైతే సరిపోయేదే. పేల్చినప్పుడల్లా వెనక్కి తన్నే రైఫిల్‌కి మెడ దగ్గర చీలిక ఉంటే, ఆ చీలిక పక్కనే నా చెంప ఉంటుంది. కొత్త కర్ర వేయించక తప్పదని ఆ పూటే తేల్చుకున్నాను.

ఈ రైఫిల్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు, .315 స్పోర్టింగ్ రైఫిల్. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టారు కదా, ఇప్పుడా ఫ్యాక్టరీ కాన్పూరులో హెడ్డాఫీసు ఉన్న కంపెనీ కిందికి వెళ్లింది. నేను అంతకు చాలా ముందే, 2009లో కొన్నాను. రిటైరై వచ్చాక గన్‌మ్యాన్ ఉద్యోగానికి సొంత ఆయుధం ఉంటేనే నాలుగు డబ్బులు ఎక్కువిస్తారు, అందుకు. లోపలి యంత్రమంతా ఇంగ్లీషు సైన్యం వాడిన పాత లీ ఎన్‌ఫీల్డ్ వంశం. .303 తూటా సైన్యానిది కాబట్టి మామూలు జనానికి నిషిద్ధం. అందుకని అదే తరహా బోల్ట్‌కి ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల మాన్లికర్ తూటా పెట్టి అమ్మారు. విజయనగరం ఎం.ఆర్. కాలేజీలో ఎన్‌సీసీ చేసినప్పుడు నా చేతికి మొదట వచ్చింది ఆ పాత .303 రైఫిలే. తర్వాత ఆర్మీలో ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ రైఫిళ్లు అన్నీ పట్టుకున్నాను గానీ, బోల్ట్ ముందుకి తోసి కిందికి దించినప్పుడు వచ్చే ఆ చప్పుడు అప్పటిదే. ఆ మోజు కూడా ఉందిలెండి.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "చిన్నాన్నా, ఇక్కడ అరగంట పని. రెండు స్క్రూలు విప్పి పాతది తీసేసి, కొత్తది పెట్టి రెండు స్క్రూలు బిగించడమే" అన్నాడు. వాడి వీడియో చూశాను. నిజమే. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ అని అక్కడ చవక బోల్ట్ యాక్షన్లు ఉన్నాయి. అలాంటి చవక వాటికి కంపెనీ నుంచి వచ్చేది ప్లాస్టిక్ కర్ర. ఆ ప్లాస్టిక్ ముందుభాగం మెత్తగా ఉండి చేత్తో నొక్కితే బ్యారెల్‌కి తగులుతుందని చాలామంది మార్చేసుకుంటారట. బాయిడ్స్ అని దక్షిణ డకోటాలో మిచెల్ ఊళ్లో ఒక కంపెనీ ఉంది, పలచటి చెక్క పొరలు అతికించి రంగురంగుల కర్రలు చేసి పోస్టులో పంపేస్తుంది.

మన దాంతో ఆ వేషాలు కుదరవు. వాళ్లది మొదలు నుంచి చివర దాకా ఒకటే కర్ర, దాని గాడిలో ఇనుము కూర్చుంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ వంశంలో కర్ర రెండు ముక్కలు. వెనక బట్, ముందు బ్యారెల్ కింద ఫోరెండ్, మధ్యలో ఇనప సాకెట్. బట్ లోపల నిలువునా ఒక పొడుగు బోల్టు పోయి ఆ సాకెట్‌లో బిగుసుకుంటుంది. ఫోరెండ్ వెనక కొసన రెండు వైపులా చిన్న చిన్న భుజాల్లాంటివి ఉంటాయి, రైఫిల్ తన్నే తన్నంతా ఆ రెండు భుజాల మీదే పడుతుంది. వేలిగోరంత జాగా. ఆ రెండు చోట్లా కర్ర, ఇనుము సమానంగా ఆనకపోతే మిగతా కర్ర ఎంత నునుపుగా ఉన్నా దండగ. నా ఖర్చంతా చివరికి ఆ వేలిగోరంత జాగా దగ్గరికే వచ్చి ఆగింది, అందుకే ఇంతలా చెబుతున్నాను.

సెట్టు కొన్నది విశాఖలో ఒక ఆయుధాల దుకాణంలో. పేరు చెప్పను. బట్, ఫోరెండ్ రెండూ కలిపి 9,500. "వాల్‌నట్ సార్, కాశ్మీర్ సరుకు, డైరెక్టుగా కూర్చుంటుంది, చెక్కే పని లేదు" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. చూడ్డానికి మాత్రం పెళ్లికొడుకులా ఉంది. ముదురు చాక్లెట్ రంగు, అద్దంలా పాలిష్, పిడి దగ్గర గళ్ల చెక్కడం. బేరమాడితే 300 తగ్గిస్తానన్నాడు, బిల్లు ఇవ్వమంటే ఆ 300 మళ్లీ కలిపేశాడు.

ఇంటికి తెచ్చి తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ గోధుమరంగుకి తిరిగింది, అరచేతులు కూడా. మా ఆవిడ చూసి, "ఏటండీ, ఈ వయసులో గోరింటాకు పెట్టుకున్నారా?" అంది. అప్పుడే అనుమానం వచ్చింది. మే నెలలో విజయనగరంలో గంటస్తంభం సెంటర్‌లో పొద్దుట్నుంచి నిలబడేవాడి చేతికి పట్టే చెమటెంతో ఆ రంగు వేసినవాడికి తెలియదు. యూనిఫాం భుజం మీద మచ్చ పడితే నెల జీతంలో కోత వేసే సూపర్‌వైజర్ మాకున్నాడు.

రెండో సంగతి పొడుగు. బట్ పొడుగు సరిపోయిందో లేదో చూడటానికి పాత లెక్క ఒకటుంది. బట్ కొసని మోచేతి మడతలో ఆనించి ముంజేతిని కర్ర వెంబడి చాపితే చూపుడువేలి మొదటి గణుపు ట్రిగ్గర్ మీద పడాలి. దీనికి నా వేలు కొన కూడా సరిగ్గా అందలేదు. నేను అయిదడుగుల అయిదంగుళాల మనిషిని. ఇంగ్లీషు వాళ్లు .303కి బట్‌లు రకరకాల పొడుగుల్లో చేసేవారు, పొట్టివాడికి 'ఎస్' అని, పొడుగువాడికి 'ఎల్' అని కర్ర మీద ముద్ర కొట్టేవారు. ఒక్కో రకానికీ అర అంగుళం తేడా. వందేళ్ల కిందటి సిపాయికి ఉన్న ఆ వెసులుబాటు ఈ దుకాణంలో లేదు. అందరికీ ఒకటే సైజు. పొడుగు బట్ వేసుకుంటే మెడ ముందుకి చాచాలి, బట్ భుజం గుంటలో కాకుండా చేతి కండ మీద కూర్చుంటుంది, పేలిస్తే మర్నాటికి కమిలిపోతుంది. ఆ కమిలిన భుజం ఏంటో ట్రైనింగులో ఒకసారి చూశాను, చాలు.

కోయించాలి. ఎవరి చేత? ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తుపాకీని లైసెన్సు లేనివాడి చేతికి ఇవ్వకూడదు. రిపేరుకి కూడా అందుకు లైసెన్సు ఉన్నవాడి దగ్గరికే వెళ్లాలి, 1959 ఆయుధాల చట్టం ప్రకారం. వీధి చివర వడ్రంగి మంచివాడే కావచ్చు, ఆయన ముందు రైఫిల్ పెట్టడానికి లేదు. కాబట్టి రైఫిల్ బీరువాలోనే ఉంది. ఉత్త కర్ర మాత్రం గోనెసంచిలో చుట్టుకుని బొబ్బిలి వెళ్లాను.

బొబ్బిలే ఎందుకంటే, పక్కనే గొల్లపల్లి ఉంది. వీణలు చేసే ఊరు. ఒకే పనస దుంగని లోపల తొలిచి ఏకాండి వీణ చేస్తారు వాళ్లు. కర్ర లోపలి నుంచి అట్టముక్కంత మందం వదిలి మిగతాది తీసేసే చేతులకి, బట్ కొస అంగుళం కొయ్యడం ఒక పనా అనుకున్నాను. రాయగడ ప్యాసింజర్‌లో ఎదుటి సీటాయన గోనెసంచి వంక గజపతినగరం నుంచీ చూసి చూసి, "ఏటి గురువుగారూ, క్రికెట్ బ్యాటా?" అన్నాడు. అవునన్నాను. "ఏ ఊరు టీము?" అన్నాడు. ఇంక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నాకు దొరికిన పెద్దాయనకి అరవై దాటాయి. రెండు ముక్కలూ తీసుకుని ముందు మెటికతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వీణల మనిషి కదా, అలవాటు. తర్వాత బట్ లోపలి వైపు, పాలిష్ లేని చోట గోరుతో నొక్కాడు. గోరు ముద్ర అలాగే ఉండిపోయింది.

"బావూ, ఇది ఏ కర్రని సెప్పేడు?"

"వాల్‌నట్. అక్రోటు."

"నాను అక్రోటు ఎక్కువ సూడ్లేదు. గానీ గోరు దిగిపోయే కర్ర దెబ్బకి ఆగదు. రంగు తీసీస్తే తెల్లగుంటాది, సూడు."

కాగితం పెట్టి రుద్దితే ఆయన అన్నట్టే చాక్లెట్ కింద పాలిపోయిన గోధుమరంగు. పనసతోనే కొత్తది చెయ్యకూడదా అని అడిగాను. ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాను కూడా. ఆయన ఒప్పుకోలేదు. పనస పలకడానికి బాగుంటుందిట, గుద్దులు తినే పనికి ఆయన దాన్ని ఎప్పుడూ వాడలేదుట, తెలియని పనికి డబ్బు తీసుకోడుట. బట్ మటుకు కోసి పెట్టాడు. అర అంగుళం రబ్బరు ప్యాడ్ వస్తుంది కాబట్టి అంగుళం కొయ్యాలి. నిలువుగా కొయ్యకుండా కింది వైపు రవ్వంత లోపలికి వాలుగా కోశాడు, నా భుజం మీద తన అరచెయ్యి ఆనించి ఆ వాలు చూసుకుని మరీ. కోసిన కొసకి అవిసె నూనె పట్టించాడు. రంపం తగిలిన చోట నూనె పెట్టగానే మాయమైపోతోంది. "సూసేవా, ఎలగ తాగేస్తందో. ఇక్కడ ముయ్యకపోతే వాన నీరు కూడా ఇలగే తాగేస్తాది" అన్నాడు. మూడుసార్లు పట్టించాక గానీ కొస మీద తడి నిలవలేదు. 600 తీసుకున్నాడు. వెయ్యి ఇస్తే నాలుగు వందలు నా జేబులో పెట్టి పంపించాడు.

పాలిష్ అంతా తీసేసి మిగతా కర్రకి కూడా అవిసె నూనే పట్టిద్దామని అప్పుడే అనుకున్నాను. ఆర్మీ కర్రలకి పూర్వం నుంచీ అదే మందు. అద్దంలా మెరవదు, కానీ చెమటకి కరగదు, గీత పడితే మళ్లీ నాలుగు చుక్కలు రుద్దుకోవచ్చు. పది రోజులు, రోజుకో పూత, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దడం. ఇల్లంతా నూనె కంపు అని మా ఆవిడ గొడవ. పదో రోజుకి కర్ర తాటిబెల్లం రంగుకి వచ్చింది.

ఇక అసలు పని. విశాఖలోనే ఇంకో చోట, రిపేరు లైసెన్సు ఉన్న పాత మేస్త్రి ఒకాయన ఉన్నాడని మా సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు చెప్పారు. ముందు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "హవల్దార్ సాబ్, మీరు ఏమైనా విప్పారా?" విప్పలేదన్నాను. "అల్లా దయ" అన్నాడు.

ఎందుకలా అన్నాడో చెబుతాను. ఇది ఎవరికైనా పనికొచ్చే ముక్క. .303 పాత మార్కుల్లో (మోడళ్లలో) బట్ బోల్టు ముందు కొస నలుచదరంగా ఉంటుంది. అది సాకెట్ దాటి ముందుకి వచ్చి ఫోరెండ్ వెనకున్న చిన్న రేకులో ఇరుక్కుంటుంది, బోల్టు తనంతట తాను వదులు కాకుండా. తెలియనివాడు బట్ వెనక నుంచి పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టి ముందు ఆ బోల్టుని తిప్పుతాడు. నలుచదరం కొస రేకుతో పాటు తిరిగి ఫోరెండ్‌ని నిలువునా చీల్చేస్తుంది. కాబట్టి ఎప్పుడూ ముందు ఫోరెండ్ విప్పాలి, ఆ తర్వాతే బట్. ఈ జాతి రైఫిల్ ఏది పట్టుకున్నా ఇదే వరస. ఎన్‌సీసీలో మాకు ఇది చెప్పిన ఉస్తాద్, చెప్పాక ఒకసారి నెత్తిమీద మొట్టేవాడు, గుర్తుండటానికి.

మేస్త్రి కొట్లో రెండు రోజులు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. రైఫిల్ నా ఎదురుగానే ఉండాలని నా పట్టు. ఆయన కూడా అదే మంచిదన్నాడు. బట్ సాకెట్‌లో బిగుతుగానే కూర్చుంది, రెండు పక్కలా కాస్త గీకాడంతే. ఫోరెండ్ పెట్టి చూశాడు. "డైరెక్టుగా కూర్చుంటుంది" అన్న ఫోరెండ్ పక్కకి ఊగుతోంది. నా వైపు చూశాడే గానీ ఏమీ అనలేదు.

ఆయన పనిముట్లలో నాకు బాగా నచ్చింది కాటుక. అవును, మన ఆడవాళ్లు పెట్టుకునే కాటుకే. ఇనుముకి పలచగా కాటుక రాసి, కర్రని దాని మీద కూర్చోబెట్టి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి మళ్లీ తీస్తాడు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ కర్ర మీద నల్లటి చుక్క. ఆ చుక్కని మాత్రమే ఉలితో లేపాలి. మళ్లీ కాటుక, మళ్లీ కూర్చోబెట్టడం, మళ్లీ తీయడం. మొదటి రోజు కొన్న కాటుక వాడాడు, అందులో మైనం ఎక్కువై మరక పూసుకుపోతోంది. "ఇంట్లో చేసింది ఉంటే తీసుకురండి సాబ్" అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నమ్మలేదు. తర్వాత మనవరాలికి చేసినట్టే ఆముదం దీపం వెలిగించి, పైన రాగిపళ్లెం బోర్లించి, పట్టిన మసి గీకి రెండు చుక్కల ఆముదంతో కలిపి ఇచ్చింది. మర్నాడు రెండో చుక్క పడ్డప్పటి నుంచీ తేడా తెలిసింది. మరక కాదు, సూదిమొనంత చుక్కలు.

మొదట ఆ భుజాల దగ్గర ఎడమ వైపున ఒకే ఒక నల్లచుక్క, కుడి వైపు శుభ్రం. అంటే తన్ను మొత్తం ఎడమ భుజమే మోస్తోంది. అలాగే బిగించి పేల్చి ఉంటే పాతిక రౌండ్లలో ఫోరెండ్ అటు చీలి ఉండేదన్నాడు మేస్త్రి. ఉల్లిపొర లాంటి పేళ్లు లేపుకుంటూ పోయాడు. నేను లెక్కపెట్టాను, పందొమ్మిదిసార్లు పెట్టి తీశాడు. పందొమ్మిదోసారి రెండు వైపులా ఒకే సైజు మచ్చ, కందిగింజంత.

అయినా ఆయనకి తృప్తి లేదు. కర్ర మెత్తనిదని ఆయనా గోరు పెట్టే కనిపెట్టాడు. పూర్వం ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ వాళ్లకి వాల్‌నట్ లేక అక్కడి మెత్తటి కర్రతో .303లు చెయ్యాల్సి వచ్చిందట. అప్పుడు వాళ్లు ఈ భుజాల దగ్గరే చిన్న రాగి రేకులు పెట్టారు. మన ఇషాపూర్ వాళ్లయితే .303 ఫోరెండ్‌కి అడ్డంగా ఒక స్క్రూ వేసి చీలకుండా కట్టేశారు. ఈయన రెండూ చేశాడు. రాగి రేకు ముక్కలు కత్తిరించి, వెనకాల ఆరల్డైట్ పెట్టి కూర్చోబెట్టాడు. సాయంత్రం దాకా ఆరనిచ్చి అడ్డ స్క్రూ కూడా వేశాడు. ఆ స్క్రూ తల కర్ర బయటికి కనిపిస్తుంది. దుకాణం వాడి గళ్ల చెక్కడం కన్నా నాకు అదే అందం.

ఇంకొకటి కూడా ఆయన చూపించాకే తెలిసింది. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కమ్మీ) ముందు స్క్రూ ఫోరెండ్‌లోంచి పైకి పోతుంది కదా, దాని చుట్టూ లోపల చిన్న ఇనప గొట్టం ముక్క ఉంటుంది. కర్ర ఆ గొట్టం కన్నా మందంగా ఉంటే, స్క్రూ బిగించిన కొద్దీ కర్ర నలుగుతుంది గానీ బిగుతు నిలవదు. నా ఫోరెండ్ అక్కడ దాదాపు మిల్లీమీటరు మందం ఎక్కువ. ఊరికే బిగించేస్తే ఏమవుతుందో బిగించి మరీ చూపించాడు. మ్యాగజైన్ వంకరగా నిలబడింది, ట్రిగ్గర్ లాగే బరువు మారిపోయింది. పాత మార్క్ .303ల్లో ట్రిగ్గర్ వేలాడేది గార్డ్‌కే. నాదీ అంతే. కర్ర కదిలితే గార్డ్ కదులుతుంది, గార్డ్ కదిలితే ట్రిగ్గర్. వానాకాలంలో నా రైఫిల్ ట్రిగ్గర్ ఎందుకు బరువెక్కుతుందో పదిహేనేళ్లుగా నాకు అంతు చిక్కలేదు, వయసు వల్ల వేలు మొద్దుబారిందనుకున్నాను. ఇంగ్లండులో 1949 నాటికి నెంబర్ 4 మార్క్ 2 అని కొత్త మోడల్ తెచ్చి ట్రిగ్గర్‌ని ఇనప బాడీకే తగిలించారు, ఈ గోల వదిలించుకోవడానికే.

చివరికి బ్యారెల్. అమెరికా వీడియోల్లో బ్యారెల్‌కి, కర్రకి మధ్య కాగితం దూరాలంటారు. నేనూ జేబులోంచి పది రూపాయల నోటు తీసి దూర్చబోయాను. మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ జాతికి ముందు కొసన కర్ర బ్యారెల్‌ని కింద నుంచి కొంచెం పైకి ఎత్తి పట్టి ఉండటమే అలవాటుట. మధ్యలో మాత్రం ఎక్కడా తగలకూడదు. నోటు మధ్యలో స్వేచ్ఛగా తిరిగింది, ముందు కొస దగ్గర ఆగింది. అదీ పద్ధతి అన్నాడు.

పనికి 3,000 తీసుకున్నాడు. రెండు రోజుల పనికి అది తక్కువే.

పేల్చి చూడటానికి ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఏడాదికోసారి ఏజెన్సీ వాళ్లు మమ్మల్ని రేంజికి తీసుకెళ్తారు. 50 గజాల దూరం, పడుకుని అయిదు రౌండ్లు. అంతకు ముందు ఏడాది ఇదే రేంజిలో పాత కర్రతో నా అయిదు గుళ్లు జానెడు మేర చెదిరాయి, ఒకటి మరీ పక్కకి. ఈసారి అయిదూ బెత్తెడు లోపల పడ్డాయి. నాలుగైతే మూడు వేళ్ల కింద దాక్కుంటాయి. టార్గెట్ కాగితం తెచ్చిన కుర్రాడు నా వైపు ఇంకోసారి చూసి వెళ్లాడు. భుజం మర్నాడు పొద్దున నొక్కి చూసుకున్నాను, కమలలేదు. రబ్బరు ప్యాడ్ సగం పుణ్యం, కోసిన అంగుళం సగం. గురి ఇంకా కొంచెం ఎడమకి లాగుతోంది. అది నా చూపే అయ్యుండాలి, కంటి డాక్టరు శుక్లం మొదలైందన్నాడు.

లెక్కకి వస్తే: సెట్టు 9,500, మేస్త్రి 3,000, ప్యాడ్ 850, గొల్లపల్లి పెద్దాయన 600, అవిసె నూనె 120. మొత్తం 14,070. బస్సులు, రైళ్లు, రెండు రోజుల డ్యూటీ కోత వేరే. దుకాణం సెట్టుకి అయిదులో రెండు ఇస్తాను. అదీ గాడులు మోటుగానైనా సరైన చోటే తవ్వినందుకు, బట్ రంధ్రం తిన్నగా ఉన్నందుకు. వాల్‌నట్ అని చెప్పి అమ్మినందుకు ఒకటి తగ్గించాలనే ఉంది. ఫోన్ చేసి అడిగితే "సార్, ఇండియన్ వాల్‌నట్ అలాగే ఉంటుంది" అన్నాడు. తీసుకొచ్చి చూపిస్తానన్నాను. "కోసేశారు కదా సార్, ఇంక రిటర్న్ లేదు" అన్నాడు. అది న్యాయమే, ఒప్పుకుంటాను. మేస్త్రికి అయిదుకి అయిదు. ఆయన కొట్లో ఫ్యాన్ లేదన్నదొక్కటే ఫిర్యాదు.

ప్యాడ్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఇదివరకు ఇనప బట్‌ప్లేటుకి ఉన్న చిన్న తలుపు తీసి లోపల బోల్టు చూసుకునేవాణ్ని. ఇప్పుడు ప్యాడ్ రెండు స్క్రూలూ విప్పాలి. అందుకని అస్తమానం బద్ధకిస్తాం. మూడు నెలలకోసారి మటుకు తప్పదని మేస్త్రి చెప్పాడు, కొత్త కర్ర ఆరుతూ కుదించుకుంటుందని. మీది కూడా రెండు ముక్కల కర్ర అయితే, కొత్తది వేయించాక ఆ తనిఖీ మర్చిపోకండి. సెట్టు కొనేముందు లోపలి వైపు గోరు పెట్టి చూడండి, దుకాణం వాడు ఏమనుకున్నా ఫర్వాలేదు. రిపేరు లైసెన్సున్న మేస్త్రి అందుబాటులో లేకపోతే సెట్టు కొనకండి.

మొన్న జులైలో వానలు పట్టాక మేస్త్రి దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాను. ప్యాడ్ విప్పి, ఫోరెండ్ దించి, బోల్టుకి స్క్రూడ్రైవర్ పెట్టాడు. పావు చుట్టు తిరిగి ఆగింది. కాటుక రాసి ఇంకోసారి కూర్చోబెట్టి తీశాడు. రెండు కందిగింజలూ ఉన్నచోటే ఉన్నాయి. ఈసారి డబ్బులు వద్దన్నాడు. మా ఆవిడ చేసిన కాటుక ఇంకో డబ్బాడు కావాలన్నాడు.